వేట మొదలయ్యేలోపే బోటు ఇంజన్‌లో నీళ్లు సరిగ్గా తిరుగుతున్నాయో లేదో ఇలా చూసుకోండి

ఏప్రిల్ 15న సముద్రంలో చేపల వేట ఆపేసి బోట్లు ఒడ్డుకి ఎక్కిస్తాం, జూన్ 14తో నిషేధం అయిపోతుంది, మధ్యలో ఉన్న ఈ 61 రోజుల్లో వలలు అల్లుకుంటాం, బోటుకి రంగులేస్తాం, ఫైబర్ పగుళ్లు పూడుస్తాం, కానీ వెనక తగిలించే ఇంజన్‌ని మాత్రం గోనెపట్టా కప్పి ఒక మూల నిలబెట్టేస్తాం. మళ్లీ దాన్ని ముట్టుకునేది ఏ జూన్ 13నో. తాడు లాగితే స్టార్ట్ అయిందా, పక్కనుంచి నీళ్ల ధార వస్తోందా, వస్తోంది, ఇంక సరే అనుకుంటాం. ధార వస్తోంది కాబట్టి ఇంజన్ చల్లబడుతోంది అని నమ్మడం తప్పు. ఆ తప్పు వల్ల ఎన్ని ఇంజన్లు వేడికి బిగుసుకుపోయి సీజ్ అయ్యాయో మీ ఊళ్లో కూడా చూసే ఉంటారు.

మాకు జరిగింది చెప్తాను. మా బాబాయ్ ఫైబర్ బోటు ఇంజన్‌ని వేటకి ముందు రోజు నేనే చూశాను. ధార బాగా వచ్చింది. "బాగానే ఉంది బాబాయ్, ఏం భయం లేదు" అని చెప్పాను. రెండో రోజు తిరిగొచ్చేటప్పుడు ఇంజన్ బలం తగ్గింది, కాలిన వాసన వచ్చింది, మూత తీసేలోపే బిగుసుకుపోయింది, అప్పుడు కూడా చివరి నిమిషం దాకా ధార వస్తూనే ఉందని బాబాయ్ చెప్పాడు. వేరే బోటువాళ్లు తాడు కట్టి లాక్కొచ్చారు. ఇంజన్ విప్పితే అసలు సంగతి తెలిసింది. అంతకుముందు ఏడాది పంపు రబ్బరు మార్చినప్పుడు పాతదానికి ఒక రెక్క విరిగిపోయి ఉంది, ఆ ముక్క ఎక్కడికి పోయిందో ఎవరూ వెతకలేదు. అది పైకి పోయి థర్మోస్టాట్ (వేడిని బట్టి నీళ్ల దారి తెరిచి మూసే వాల్వు) దగ్గర ఇరుక్కుని, దాని చుట్టూ ఉప్పు కట్టి దారి మూసేసింది. పిస్టన్లు, సిలిండర్ పని, కూలీ అన్నీ కలిపి ఆ సీజన్ మొదటి నెల సంపాదన అంతా దానికే పోయింది.

కారుకి రేడియేటర్ ఉంటుంది. మన ఇంజన్‌కి సముద్రమే రేడియేటర్. ఫ్యానుకి, అంటే నీళ్లలో తిరిగే ప్రొపెల్లర్‌కి కొంచెం పైన, గేర్ డబ్బా పక్కల జల్లెడలాంటి రంధ్రాలు ఉంటాయి, నీళ్లు లోపలికి వచ్చేది అక్కడినుంచే. గేర్ డబ్బా నెత్తిమీద చిన్న పంపు ఉంటుంది, దాని గిన్నెలో రబ్బరు రెక్కల ఇంపెల్లర్ తిరుగుతుంది, ఇంజన్ నుంచి కిందికి దిగే షాఫ్టే దాన్ని తిప్పుతుంది. పంపు ఆ నీళ్లని సన్న గొట్టంలోంచి పైకి తోస్తే అవి సిలిండర్ల చుట్టూ ఉన్న సందుల్లో తిరిగి, థర్మోస్టాట్ దాటి, పొగతో కలిసి కిందికి పోతాయి. మనం చూసే ధార ఈ దారిలోంచి పక్కకి విడిపోయే కొంచెం నీళ్లు మాత్రమే. చాలా మోడళ్లలో ఆ ధార థర్మోస్టాట్ దాకా వెళ్లకముందే బయటికి వచ్చేస్తుంది. అంటే ధార వచ్చిందంటే పంపు ఎంతో కొంత తోస్తోందని అర్థం, అంతే. సిలిండర్ తల (హెడ్) చుట్టూ నీళ్లు తిరుగుతున్నాయో లేదో ధార చెప్పదు.

ఈ పని మే నెల మధ్యలోనే పెట్టుకోండి. జూన్ రెండో వారంలో మెకానిక్‌లు దొరకరు, పంపు కిట్లు కూడా అయిపోతాయి. ముందే ఇంజన్ బ్రాకెట్ దగ్గరున్న ప్లేటు మీద మోడల్ నంబరు ఫోన్‌లో ఫొటో తీసుకుని, దానికి సరిపోయే వాటర్ పంపు కిట్, థర్మోస్టాట్ ప్యాకింగు తెచ్చుకోండి. హెచ్‌పీ ఒకటే అయినా రబ్బరు సైజు వేరుగా ఉండొచ్చు. ఇవి కాక పానాలు, నీళ్లకి ఆగే మెరైన్ గ్రీజు, గట్టి నైలాన్ దారం ముక్క, 200 లీటర్ల డ్రమ్ము, డ్రమ్ము నిండా మంచినీళ్లు కావాలి.

మొదట ఇంజన్ స్టార్ట్ చేయకుండా చూడాల్సినవి చూడండి. నీళ్లు లోపలికి వచ్చే జల్లెడ రంధ్రాల్లో గుల్లలు, నాచు, ప్లాస్టిక్ కవరు ముక్కలు, కొన్నిసార్లు బోటుకి వేసిన రంగే గడ్డకట్టి ఉంటుంది. టార్చి వేసి రెండు పక్కలా చూడండి. ధార వచ్చే రంధ్రంలో రెండు నెలల్లో పురుగులు మట్టిగూడు కట్టేస్తాయి, నైలాన్ దారాన్ని మెల్లగా లోపలికి పోనిచ్చి తీయండి, ఇనుప తీగ వద్దు, లోపల రబ్బరు గొట్టానికి బెజ్జం పడుతుంది. తర్వాత పైమూత తీసి థర్మోస్టాట్ మూత చుట్టూ, సిలిండర్ హెడ్ అంచుల వెంట చూడండి. తెల్లగా ఉప్పు చారలు కనిపిస్తే అక్కడ నీళ్లు కారుతున్నాయి, ప్యాకింగు పోయింది. హెడ్ మీద రంగు ఉబ్బినా, నల్లబడినా ఆ ఇంజన్ ఇంతకుముందే ఒకసారి బాగా వేడెక్కిందని అర్థం, దాన్ని మామూలుగా తీసుకోవద్దు.

ఫ్యాను విప్పి షాఫ్ట్ కూడా ఒకసారి చూడండి. వల దారం దానికి చుట్టుకుని ఉంటే సీలు కోసేస్తుంది, గేర్ ఆయిల్‌లోకి ఉప్పునీళ్లు దిగుతాయి. ఆయిల్ పాలలాగా ఉంటే ఆ సీలు మార్చాల్సిందే. ఇది కూలింగ్‌కి సంబంధించింది కాదు, కానీ ఎలాగూ విప్పారు కదా.

ఇప్పుడు డ్రమ్ములో నడపాలి. ఫ్యాను తీసేసే నడపండి, గేరు న్యూట్రల్‌లో ఉంచండి, ఇంజన్ ఆపే ఎర్ర తాడు చేతికి కట్టుకోండి. పైన చక్రం తిరుగుతుంటుంది, లుంగీ, తువ్వాలు, మెడలో దండ ఏవీ వేలాడకూడదు, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. పాక లోపల కాకుండా బయట గాలి తగిలే చోట నడపండి, ఆ పొగ ప్రాణం తీస్తుంది. డ్రమ్ములో నీళ్లు గేర్ డబ్బాకీ పైభాగానికీ మధ్య ఉన్న బోల్టుల జాయింటు మునిగేదాకా ఉండాలి, పంపు ఉన్నది ఆ జాయింటు దగ్గరే. నీళ్లు లేకుండా "ఒక్కసారి స్టార్ట్ అవుతుందేమో చూద్దాం" అని తాడు లాగకండి. ఆ రబ్బరు రెక్కలకి నీళ్లే నూనె, పొడిగా తిరిగితే కొద్ది సెకన్లలోనే అంచులు మాడటం మొదలవుతుంది.

స్టార్ట్ చేశాక ఐడిల్‌లోనే ఉంచండి, యాక్సిలరేటర్ పెంచకండి. డ్రమ్ములో పొగ బుడగలు ఎక్కువైతే పంపు నీళ్లకి బదులు గాలి లాగుతుంది, అప్పుడు మంచి ఇంజన్ కూడా వేడెక్కుతుంది. ధార అర నిమిషంలోపు రావాలి. రాకపోతే వెంటనే ఆపండి, ఇంకాసేపు చూద్దాం అనుకోవద్దు. వచ్చిన ధార తెగకుండా వస్తోందా, ఆగి ఆగి వస్తోందా గమనించండి. వేలు పెట్టి చూస్తే గోరువెచ్చగా ఉండాలి. ఆవిరి వస్తున్నా, వేలు పెట్టలేనంత కాలుతున్నా ఆపేయండి.

తర్వాత చూడాల్సింది సిలిండర్ హెడ్ వేడి, నేను అన్నిటికంటే ఎక్కువగా చూడమనేది ఇదే. చేతిలో పట్టుకుని గురిపెట్టే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఒకటి నలుగురు బోటువాళ్లు కలిసి కొనుక్కుంటే ఏళ్ల తరబడి పనికొస్తుంది. అయిదు నుంచి పది నిమిషాలు నడిచాక హెడ్ మీద రంగు ఉన్న చోట గురిపెట్టండి, మెరిసే లోహం మీద పెడితే తప్పు అంకె చూపిస్తుంది. సముద్రంలో వాడే ఇంజన్ల థర్మోస్టాట్లు చాలావరకు 50 నుంచి 60 డిగ్రీల మధ్య తెరుచుకుంటాయి. కారులో అయితే 80 దాటాకే. ఇక్కడ తక్కువ పెట్టడానికి కారణం ఉంది, ఉప్పునీళ్లు ఎక్కువ వేడెక్కే కొద్దీ అందులోని లవణాలు గోడలకి పొరలాగా త్వరగా కట్టుకుంటాయి. కాబట్టి హెడ్ వేడి మెల్లగా పెరిగి ఆ అంకెల దగ్గరలో ఆగాలి. ఆగకుండా 80, 90 వైపు పోతుంటే నీళ్లు అక్కడికి చేరట్లేదు. రెండు సిలిండర్ల ఇంజన్ అయితే రెండిటి దగ్గరా విడివిడిగా చూడండి, ఒకటి రెండోదానికంటే బాగా వేడిగా ఉంటే ఆ పక్క సందులు పూడుకుపోయి ఉన్నాయి. థర్మామీటర్ లేకపోతే హెడ్ మీద నాలుగు నీటి చుక్కలు చిలకరించండి, పెనం మీద పడ్డట్టు చుయ్యిమంటే అప్పటికే ప్రమాదం.

ఇక్కడ వచ్చే ఫలితాన్ని బట్టి ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. ధార బలహీనంగా ఉండి హెడ్ కూడా వేడెక్కితే పంపు లేదా జల్లెడ. ధార బలంగా ఉండి హెడ్ వేడెక్కితే థర్మోస్టాట్ లేదా లోపలి సందులు, మా బాబాయ్ ఇంజన్‌కి జరిగింది ఇదే. ధార సన్నగా ఉన్నా హెడ్ చల్లగానే ఉంటే చాలావరకు ధార వచ్చే రంధ్రమో దాని గొట్టమో పూడి ఉంటుంది.

థర్మోస్టాట్ విప్పడం కష్టమేమీ కాదు, సాధారణంగా సిలిండర్ హెడ్ పైభాగంలో చిన్న మూత కింద ఉంటుంది. బోల్టులు ఉప్పుకి పట్టేసి ఉంటాయి, బలంగా తిప్పితే తల తెగిపోతుంది, ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి, తీసేటప్పుడు కొంచెం వదులు, కొంచెం బిగింపు, మళ్లీ కొంచెం వదులు అన్నట్టు చేయండి. బయటికి తీశాక దాన్ని రాత్రంతా తెల్ల వెనిగర్‌లో నానబెడితే తెల్లపొర వదులుతుంది, పాత బ్రష్‌తో తోమేయండి. బాత్రూము కడిగే యాసిడ్ మాత్రం ఇంజన్ దగ్గరికి తేవద్దు, బ్లాకు అల్యూమినియం, యాసిడ్ దాన్ని తినేస్తుంది.

శుభ్రం చేశాక పనిచేస్తోందో లేదో వంటింట్లోనే చూడొచ్చు. థర్మోస్టాట్ మూసుకుని ఉండే చోట ఒక దారం ఇరికించి, ఆ దారంతోనే గిన్నెలోని నీళ్లలోకి వేలాడదీయండి, అడుగుకి తగలకూడదు. థర్మామీటర్ పక్కనే ఉంచి నీళ్లు మెల్లగా వేడి చేయండి. వాల్వు తెరుచుకోగానే దారం జారి థర్మోస్టాట్ కింద పడుతుంది. ఆ క్షణంలో వేడి ఎంత ఉందో చూసుకోండి. చాలా థర్మోస్టాట్ల మీద అంకె చెక్కి ఉంటుంది, దానికి రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ అయితే పర్వాలేదు. బాగా ఆలస్యంగా తెరుచుకున్నా, సగమే తెరుచుకున్నా, చల్లారాక మూసుకోకపోయినా మార్చేయండి. బిగించేటప్పుడు కొత్త ప్యాకింగే వేయండి.

"ఈ గొడవంతా ఎందుకు, థర్మోస్టాట్ పీకేస్తే ఎప్పుడూ చల్లగా ఉంటుంది కదా" అని చాలామంది అంటారు, తీసేసి నడుపుతారు కూడా. దయచేసి అలా చేయకండి. ఇంజన్‌కి ఎక్కువ వేడే కాదు, మరీ చల్లగా ఉండటం కూడా మంచిది కాదు. టూ స్ట్రోక్ అయితే ప్లగ్గులు తడిసి మసి పడుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. ఫోర్ స్ట్రోక్ అయితే కాలని పెట్రోలు ఆయిల్‌లోకి దిగి ఆయిల్ పలచబడుతుంది, కొలపుల్ల తీసి చూస్తే ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరిగి ఉంటుంది, పెట్రోలు వాసన వస్తుంది.

ఇక పంపు రబ్బరు. బయటికి బాగానే కనిపించినా ప్రతి నిషేధం సెలవుల్లో ఒకసారి విప్పి చూడాలని, ఇసుక తీరంలో బోటు దించేవాళ్లయితే చూడకుండానే మార్చేయాలని నా అభిప్రాయం. ఉప్పాడ లాంటి చోట అలలు దాటే దాకా లోతులేని నీళ్లలో ఇంజన్ దించాలి, అప్పుడు పంపు నీళ్లతో పాటు ఇసుక కూడా లాగుతుంది, ఆ ఇసుక రబ్బరునీ, అది తిరిగే స్టీలు గిన్నెనీ రెండిటినీ అరగదీస్తుంది. గోదావరి మొగ దగ్గర వేటాడేవాళ్లకి వరద రోజుల్లో ఎర్రనీళ్లతో వచ్చే ఒండ్రు కూడా ఇదే పని చేస్తుంది. పైగా ఇంపెల్లర్ పంపు గిన్నెకి సరిగ్గా మధ్యలో కాకుండా ఒక పక్కకి ఉంటుంది కాబట్టి ఒకవైపు రెక్కలు ఎప్పుడూ వంగే ఉంటాయి. రెండు నెలలు కదలకుండా ఉంటే ఆ రెక్కలు అలాగే వంకరగా ఉండిపోతాయి.

విప్పే పద్ధతి ఇది. ప్లగ్గుల వైర్లు పీకేయండి. మీ మోడల్ పుస్తకంలో ఏ గేరులో ఉంచమని ఉందో ఆ గేరులో పెట్టండి, గేరు మార్చే కడ్డీని జాయింటు దగ్గర విడదీయండి, తర్వాత గేర్ డబ్బా బోల్టులు తీయండి, ఒకటి రెండు బోల్టులు పైరెక్క కిందో, వెనక జింకు ముక్క కిందో దాక్కుని ఉంటాయి, రావట్లేదని సుత్తితో కొట్టేముందు వాటిని వెతకండి. చివరి బోల్టు తీసేటప్పుడు ఇంకొకరు కింద పట్టుకోవాలి, డబ్బా బరువుగా ఉంటుంది. అది షాఫ్ట్‌తో సహా కిందికి దిగుతుంది, పంపు కళ్లముందే ఉంటుంది.

పంపు మూత ఎత్తి ఇంపెల్లర్‌ని షాఫ్ట్ మీదుగా పైకి లాగండి. షాఫ్ట్‌కి చిన్న కీ ఉంటుంది, ఇసుకలో పడితే దొరకదు, కింద గుడ్డ పరుచుకోండి. రెక్కలని ఒక్కొక్కటిగా వంచి మొదళ్లు చూడండి, పగుళ్లు అక్కడే మొదలవుతాయి. అంచులు గాజులాగా మెరుస్తుంటే పొడిగా తిరిగిందని అర్థం. స్టీలు గిన్నె లోపల, కింద ప్లేటు మీద గోరు పెట్టి రాయండి, గోరు తగులుకునేంత గీతలుంటే అవి కూడా మార్చాలి, కొత్త రబ్బరు వేసినా పాత గిన్నెలో నీళ్లు పైకెక్కవు.

రెక్కలు లెక్కపెట్టండి. ఒక్కటి తక్కువున్నా, మూలన చిన్న ముక్క తెగి ఉన్నా ఆ ముక్క దొరికేదాకా ఇంజన్ బిగించకండి. గిన్నెలో లేకపోతే గొట్టంలో, గొట్టంలో లేకపోతే థర్మోస్టాట్ కింద ఉంటుంది. థర్మోస్టాట్ తీసి ఉన్నప్పుడే పై నుంచి పైపుతో మంచినీళ్లు ఎక్కువ ఒత్తిడి లేకుండా వదిలితే చాలాసార్లు ముక్క గొట్టంలోంచి కింద పడుతుంది, ఉప్పు రేణువులు, ఇసుక కూడా దాంతో వచ్చేస్తాయి. నీళ్లు తేటగా వచ్చేదాకా పోయండి.

కొత్తది పెట్టేటప్పుడు రబ్బరుకి సబ్బునీళ్లో కిట్‌తో వచ్చిన గ్రీజో రాయండి, పొడిగా పెట్టొద్దు. చాలా ఇంజన్లలో షాఫ్ట్ పై నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతుంది, మూతని కిందికి నొక్కుతూ షాఫ్ట్‌ని ఆ వైపే మెల్లగా తిప్పితే రెక్కలు సరైన దిక్కులో ముడుచుకుంటాయి. షాఫ్ట్ పై చివర పళ్ల పక్కల గ్రీజు రాయండి, నెత్తి మీద మాత్రం పూయకండి, అక్కడ గ్రీజు నిలిస్తే షాఫ్ట్ పూర్తిగా లోపలికి దిగదు. డబ్బా పైకెక్కించేటప్పుడు నీళ్ల గొట్టం పంపు రబ్బరు బుష్‌లోకి సూటిగా దిగిందో లేదో టార్చి వేసి చూడండి, అది పక్కకి జారితే పంపు ఎంత మంచిదైనా నీళ్లు బయటే పోతాయి. షాఫ్ట్ పళ్లు కలవకపోతే బోల్టులతో బలవంతంగా లాగొద్దు, పైన చక్రాన్ని చేత్తో కొంచెం తిప్పితే కలుస్తాయి. బోల్టులు ఎదురెదురుగా ఒక్కొక్కటీ కొంచెం కొంచెంగా బిగించండి. గేర్లు మూడూ పడుతున్నాయో చూసుకోండి.

సిలిండర్ బ్లాకులో కొన్ని మోడళ్లకి లోపలే చిన్న జింకు ముక్కలుంటాయి, తుప్పు బ్లాకుని కాకుండా వాటిని తినడానికి పెడతారు. సగానికి పైగా కరిగి ఉంటే మార్చేయండి. వాటి మీద రంగు వేయొద్దు, వేస్తే అవి పనిచేయవు.

అన్నీ బిగించాక మళ్లీ డ్రమ్ములో పది నిమిషాలు నడిపి, మొదటిసారి చూసినవన్నీ మళ్లీ చూడండి, హెడ్ వేడి అంకెలు మూత లోపల పెన్నుతో తేదీ వేసి రాసుకోండి. వచ్చే ఏడాది అదే అంకెతో పోల్చుకోవచ్చు. డ్రమ్ములో ఐడిల్ మీద బాగున్న ఇంజన్ కూడా బరువు మీద తేడా చేయొచ్చు, అందుకే నిషేధం ఎత్తేశాక మొదటి రోజు ఒడ్డు కనిపించే దూరంలోనే అరగంట నడిపి హెడ్ వేడి చూసుకుని, ఆ తర్వాతే లోపలికి వెళ్లండి.

బోటులో ఒక ఇంపెల్లర్, ఒక కీ, నైలాన్ దారం ముక్క, సరిపోయే పానాలు ఎప్పుడూ ఉంచండి. నడిసముద్రంలో ధార ఆగినా, బీప్ మోగినా, ఇంజన్ తనంతట తనే బలం తగ్గించుకున్నా వెంటనే ఆపేసి పైకెత్తి జల్లెడ దగ్గర చూడండి, చాలాసార్లు ప్లాస్టిక్ కవరు అతుక్కుని ఉంటుంది. అది కాకపోతే రంధ్రంలో దారం పోనిచ్చి చూడండి. వేడెక్కిన హెడ్ మీద చల్లటి నీళ్లు పోయొద్దు, ఒక్కసారిగా చల్లబడితే లోహం వంకరపోతుంది, పగులుతుంది కూడా. లంగరు వేసుకుని మూత తీసి గాలికి వదిలేయండి, చేయి పెట్టగలిగేంత చల్లారాక స్టార్ట్ చేసి ధారా, వేడీ రెండూ సరిగ్గా ఉంటేనే తక్కువ వేగంలో ఒడ్డుకి రండి. వేడి మళ్లీ పెరుగుతుంటే ఆపేసి పక్క బోటుకి ఫోను చేయండి, తాడు కట్టించుకుని రావడంలో నామోషీ ఏమీ లేదు.